మెడలో కరోటిడ్ విడిపోయే చోటు: ఒంగోలులో డాక్టరీ చదువుతున్న చెల్లెలి కూతురికి

అమ్మడూ,

మెడ డిసెక్షన్, అంటే దానమిచ్చిన దేహాన్ని కోసి చూడటం, టెన్షన్‌గా ఉందన్నావు. ఇది ఫోన్‌లో చెబితే తెమిలేది కాదు, అందుకే కావలి నుంచి ఉత్తరం రాస్తున్నాను.

ముందు నీ మెడ మీదే వేలు పెట్టి చూసుకో. గొంతు ముందు చేతికి తగిలే థైరాయిడ్ కార్టిలేజ్ పైఅంచు దగ్గర, కాస్త పక్కగా నాడి కొట్టుకుంటుంది. తలకు రక్తం తీసుకెళ్లే కామన్ కరోటిడ్ ధమని రెండుగా చీలేది సుమారుగా ఆ ఎత్తులోనే. మెల్లగా తాకు, నొక్కకు. రెండు వైపులా ఒకేసారి అసలే వద్దు, కళ్లు తిరిగి పడిపోవచ్చు. ఎందుకో కింద రాశాను.

డిసెక్షన్ టేబుల్ దగ్గర కరోటిడ్ షీత్ (ధమని, సిర, నరాన్ని కలిపి చుట్టిన తొడుగు) తెరిచేముందు దాని ముందు గోడ చూడు. సన్నటి ఆన్సా సర్వైకాలిస్ నరం అక్కడే ఉంటుంది, తొందరపడితే తెగిపోతుంది. లోపల ధమని గొంతు వైపు, జుగ్యులర్ సిర బయటి వైపు, రెంటి మధ్య వెనకగా వేగస్ నరం. పైకి వెళ్లాక ధమని చీలిన రెండు కొమ్మలకు, ఎక్స్‌టర్నల్, ఇంటర్నల్ కరోటిడ్‌లకు, లావు చూసి పేర్లు చెప్పకు. మెడలో శాఖలిచ్చేది ఎక్స్‌టర్నల్, ఇంటర్నల్ ఒక్క శాఖ కూడా ఇవ్వదు. ఆ ఎనిమిది శాఖల పేర్లు రెండు రోజుల్లో వాటంతటవే వస్తాయి, వాటికి భయపడకు.

భయపడాల్సింది చీలిక దగ్గర. అక్కడ కత్తి పక్కన పెట్టి, మొద్దు ఫోర్సెప్స్ తీసుకో. ధమని తళతళలాడేలా శుభ్రం చేయాలని అందరికీ చేయి దురద. ఆ శుభ్రంలోనే చీలిక వెనక బియ్యపు గింజంత ఉండే కరోటిడ్ బాడీ, దానికొచ్చే గ్లోసోఫారింజియల్ నరం కొమ్మ కొవ్వుతో పాటు పోతాయి. రక్తంలో ఆక్సిజన్ తగ్గితే పసిగట్టేది ఆ గింజే. దేహం ఇచ్చిన మనిషి మనకు చూపించాలనుకున్నది పారేయకూడదు తల్లీ.

ఇంటర్నల్ కరోటిడ్ మొదట్లో ఉబ్బుగా కనిపించేది కరోటిడ్ సైనస్. దాన్ని గుర్తుంచుకొని, కణజాలాన్ని మైక్రోస్కోప్ కింద చూసే హిస్టాలజీ ల్యాబ్‌కు వెళ్లు. కామన్ కరోటిడ్ ఎలాస్టిక్ ఆర్టరీ, అంటే సాగే గోడ ఉన్న ధమని. మామూలు గులాబీ రంగు స్లైడ్‌లో మీడియా (గోడ మధ్య పొర) నిండా సాగే గుణమున్న అలల్లాంటి పొరలు లేతగా ఉంటాయి. వెర్‌హాఫ్ రంగు వేసిన స్లైడ్ అడిగి చూడు, అవే నల్లగా తేలతాయి. సైనస్ దగ్గర మాత్రం మీడియా పలచన, అడ్వెంటీషియా (బయటి పొర) మందం, అందులో నరాల చివర్లు. గోడ సాగితేనే కదా రక్తపోటు పెరిగిందని నరానికి తెలిసేది! బయట నుంచి నొక్కినా అదే కబురు మెదడుకు పోయి గుండె నెమ్మదిస్తుంది. పైన వద్దన్నది ఇందుకే.

టేబుల్ మీద చూసిన ఉబ్బు, స్లైడ్‌లోని పలచటి గోడ, రెండూ ఒకే కాగితం మీద బొమ్మ వేసి పంపు. తప్పులుంటే పెన్సిల్‌తో దిద్ది పంపుతాను.

నీ పెద్దమ్మ