ఫోన్‌లో లెక్క, ఇంట్లో అనుమానం

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మావారి జీతం 20,000 రూపాయలు, ఇద్దరు పిల్లలు. ప్రతి నెలా ఇరవయ్యో తేదీకే డబ్బు అయిపోతోంది. ఆయన నా ఫోన్‌లో ఖర్చులు చూపే యాప్ వేసి, ఏటీఎంలో తీసిన డబ్బు ఏమైందని రోజూ పిల్లల ముందే అడుగుతున్నారు. ఆయనకు తెలియకుండా పొరుగావిడ దగ్గర మూడు రూపాయల వడ్డీకి 15,000 తెచ్చాను. యాప్ తీసేయమనాలా, పుస్తకంలో రాసుకోవాలా?

జవాబు: అమ్మా, పిల్లల ముందు సంజాయిషీ చెప్పుకోవలసి రావడం ఎంత బాధాకరమో నేను అర్థం చేసుకోగలను. ఆ పద్ధతి తప్పని మీవారికి ముందుగా, నిదానంగా చెప్పండి. అయితే తప్పు యాప్‌ది కాదు. అటువంటి యాప్‌లు చాలావరకు బ్యాంకు నుంచి వచ్చే సందేశాలను చదివి లెక్క కడతాయి కాబట్టి, మీరు ఏటీఎంలో 2,000 తీసి సంతలో కూరగాయలకూ, పాలవాడికీ, పిల్లాడి మందులకూ ఇచ్చినా, వాటికి కనిపించేది 2,000 తీశారన్న ఒక్క ముక్కే. కిరాణా కొట్టుకు ఫోన్‌లో డబ్బు పంపితే కొట్టు యజమాని పేరు కనిపిస్తుంది గాని, అందులో బియ్యమెంతో నూనె ఎంతో కనిపించదు. పైగా అది మీ ఒక్కరి ఫోన్‌లోనే ఉన్నందువల్ల, మీవారి పెట్రోలు, టీ, స్నేహితులకు ఇచ్చిన చేబదుళ్లు అందులోకి రావు. ఒకరి ఖర్చు మాత్రమే రాసేదాన్ని ఇంటి లెక్క అనలేము.

అందుచేత యాప్ ఉండనివ్వండి, దానితోపాటు వంటింట్లో ఒక నోటుపుస్తకం పెట్టి, నగదు ఖర్చులను ఇద్దరూ ఎవరివి వారే అందులో రాయండి. వారానికి ఒక్కసారి, ఆదివారం పిల్లలు ఆడుకోవడానికి వెళ్లినప్పుడు, ఇద్దరూ కూర్చుని చూసుకోండి. రోజూ అడగడం మానాలన్నది ఇందులో షరతుగా పెట్టండి.

ఇక డబ్బు చాలకపోవడానికి దుబారాయే కారణమని మీవారు అనుకుంటున్నట్టున్నారు. నాకు మాత్రం ఏడాదికి ఒకటి రెండుసార్లు వచ్చే ఖర్చులను మీరిద్దరూ లెక్కలోకి తీసుకోవడం లేదనిపిస్తోంది. మీ ఇంటివి నాకు తెలియవు కనుక ఉదాహరణగా చెబుతాను. పిల్లల బడి ఫీజులు 12,000, బీమా ప్రీమియం 6,000, సంక్రాంతికీ మీ వైపు చేసుకునే రజో పండుగకూ బట్టలు 5,000, పెళ్లిళ్లలో చదివింపులు 4,000, స్కూటరు బీమా, మరమ్మతులు 3,000 అనుకుంటే మొత్తం 30,000, అంటే నెలకు 2,500. ఈ సొమ్మును జీతం వచ్చిన రోజే విడిగా తీసిపెట్టకపోతే, ఆ ఖర్చు వచ్చిన నెల అప్పు చేయక తప్పదు. మీ పొరుగింటి అప్పు కూడా అలాంటి నెలలో చేసిందేనా అని ఒకసారి గుర్తు చేసుకోండి.

ఆ అప్పు సంగతి మొదటి ఆదివారమే మీవారికి చెప్పాలని నా గట్టి అభిప్రాయం. మూడు రూపాయల వడ్డీ అంటే మీ 15,000 మీద నెలకు 450, ఏడాదికి 5,400. ఇది దాచినకొద్దీ పెరిగేదే. ఎందుకు తెచ్చారో, ఎంత కట్టారో కాగితం మీద రాసుకుని, ఆయన నెమ్మదిగా ఉన్న వేళ చూసి చెప్పండి. కోప్పడవచ్చు, కాని యాప్ చూసి ఆయనే కనిపెట్టిన రోజున వచ్చే కోపం కన్నా ఇది తక్కువే ఉంటుంది. తీర్చే దారి కూడా మీరే చూపండి. మీకు ఒడిశా ప్రభుత్వం మహిళలకిచ్చే సుభద్ర పథకం సొమ్ము అందుతుంటే, విడతకు 5,000 చొప్పున ఏడాదికి రెండు విడతలుగా వచ్చే ఆ 10,000 నేరుగా అసలుకే కట్టండి. మహిళా సంఘంలో సభ్యులైతే, అక్కడ తక్కువ వడ్డీకి దొరికే అప్పుతో దీన్ని ఒక్కసారే తీర్చేయడం ఇంకా మేలు.

అప్పు తీరిన నెల నుంచి ఆ 450 రూపాయలను పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. నెలకు 100 రూపాయలతోనైనా అయిదేళ్లకు ఆ ఖాతా తెరవవచ్చు. ఆ పాసుపుస్తకాన్ని కూడా వంటింటి నోటుపుస్తకం పక్కనే, ఇద్దరికీ అందేచోట ఉంచండి.