టైల్స్ వేసే ముందు చాంబరు మూత తీసి చూడు

అమ్మలూ,

గృహప్రవేశం ఫొటోలు అందాయి. మీ పెద్దమ్మ సింహద్వారం చూసి మురిసిపోతోంది. నా కళ్లు మాత్రం పెరట్లో బాదం చెట్టు పక్కనున్న మురుగు గొట్టాల చాంబరు మూత మీద పడ్డాయి. దానిమీదుగా టైల్స్ పరిపిస్తామన్నాడు అల్లుడు. ఆ పని వారం ఆపించు.

ఇల్లు కట్టి నలభై ఏళ్లన్నావు కదా. అలాంటి ఇళ్లలో నేల కింద పీవీసీ కాకుండా స్టోన్‌వేర్, అంటే కాల్చిన మట్టి గొట్టాలు ఉండొచ్చు. రెండు మూడడుగుల ముక్కలను సిమెంటుతో అతికేవాళ్లం. ఆ అతుకు చిట్లితే తేమ బయటికి ఊరుతుంది. చెట్టు వేరు తేమను వెతుక్కుంటూ వచ్చి వెంట్రుకంత సందులో దూరి, లోపల జడకుచ్చులా పెరుగుతుంది. దానికి జుట్టు, గుడ్డపీలికలు, వంటింటి జిడ్డు చుట్టుకుంటాయి. ఏడాదిపాటు ఏమీ తెలియదు. ఓ రోజు కింది బాత్రూం జాలీలోంచి మురుగు పైకి తన్నుతుంది, అదీ చుట్టాలు వచ్చిన రోజే!

ఆదివారం పొద్దున్నే మూతలన్నీ తీయించు. తీయగానే వంగి చూడొద్దు, దగ్గర్లో అగ్గిపుల్ల గీయొద్దు. గాలి ఆడనిచ్చి, బకెట్ నీళ్లలో బట్టల నీలం కలిపి పై బాత్రూంలో పోయండి. ఏ చాంబరుకు ఎంతసేపట్లో వచ్చిందో చూడండి. ఇంటివైపు చాంబరు నిండి, వీధివైపుది ఖాళీగా ఉంటే అడ్డం ఆ రెంటి మధ్యే. వీధి మ్యాన్‌హోలు కూడా పొంగుతుంటే లోపం మీ ఇంటిది కాకపోవచ్చు. హైదరాబాద్ జలమండలి 155313కు ఫోన్ చెయ్యి.

ఆ తర్వాత మా కాలం నాటి అద్దం పరీక్ష. ఒక చాంబరులో గొట్టం మూతి దగ్గర టార్చి వేలాడదీసి, రెండోదాంట్లో కర్రకు ఏటవాలుగా కట్టిన అద్దం దింపి పైనుంచి చూడాలి. వెలుగు పున్నమి చంద్రుడిలా నిండుగా కనబడితే గొట్టం తిన్నగా ఉన్నట్టు. సగమే కనబడితే కుంగిందో, మట్టి పేరుకుందో. కుచ్చులు వేలాడుతుంటే బాదం చెట్టు వేళ్లే. అప్పుడు కెమెరా పంపి చూపించేవాళ్లని పిలవండి, ఆ ఖర్చుకు వెనకాడొద్దు. గొట్టం మార్చాల్సి వస్తే, నాలుగంగుళాల దానికి నలభై అడుగులకు ఒక అడుగు పల్లం, ఆరంగుళాల దానికి అరవైకి ఒకటి. మేస్త్రీ కంటి అంచనాకు వదిలేయకుండా లెవెల్ పట్టించు.

మిద్దె మీది వాన గొట్టం కూడా ఇందులోనే కలిపారేమో చూడు. కలిపితే విడదీయించు. వేపుడు నూనె, టీ పొడి సింకులో పోయొద్దని నీకు చెప్పక్కర్లేదు, పనమ్మాయికి చెప్పు. అడ్డం పడిందని యాసిడ్ కుమ్మరించడం, దానిమీద బ్లీచింగు చల్లడం మాత్రం ఎవర్నీ చెయ్యనీకు. రెండూ కలిస్తే క్లోరిన్ పుడుతుంది.

ఇంకో మాట, ఇది రాయడానికి నాకే సిగ్గుగా ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక కూలీని నేనే మ్యాన్‌హోలు లోపలికి దింపాను. మొదట కుళ్లిన గుడ్ల వాసనన్నాడు, కాసేపటికి వాసన లేదన్నాడు. పోయిందనుకున్నాం. ఆ గాలి మోతాదు పెరిగితే ముక్కే మొద్దుబారుతుందని అప్పుడు నాకు తెలియదు. నడుముకు తాడు కట్టి ఉండబట్టి బతికాడు. 2013లో వచ్చిన చట్టం రక్షణ లేకుండా మనిషిని మురుగు కాలువలోకి, సెప్టిక్ ట్యాంకులోకి దింపడాన్ని నిషేధించింది. 2023లో సుప్రీంకోర్టు అలా చనిపోయినవారి కుటుంబానికి 30 లక్షలు ఇవ్వాలంది. ‘అయిదొందలిస్తే దిగుతానమ్మా’ అని ఎవరైనా వస్తే మంచినీళ్లిచ్చి పంపేయ్. వెదురు బద్దకు, రాడ్డుకు లొంగకపోతే నీళ్లను ఒత్తిడితో చిమ్మే జెట్టింగ్ మిషన్ తెప్పించు.

ఇక టైల్స్ సంగతి. మూతలోనే పళ్లెంలా గుంత ఉండి, అందులో టైల్ అతికే రకం షాపుల్లో దొరుకుతుంది. ఎత్తడానికి కొక్కేల కన్నాలుంటాయి. వాటిని సిమెంటుతో పూడ్చొద్దని మేస్త్రీకి నువ్వే దగ్గరుండి చెప్పు, అల్లుడు మొహమాటస్తుడు.

మీ పెదనాన్న