ముందు పౌడర్ స్ప్రే కొను, ఐరన్లు తరవాత

"అన్నా, డాలస్ వచ్చి రెండేళ్లయింది. ఆఫీసు వాళ్ల పుణ్యమా అని గోల్ఫ్ అంటుకుంది. ఏడాదిగా ప్రతి శనివారం ఆడుతున్నాను, స్కోరు, అంటే మొత్తం దెబ్బలు, 100కి అటూ ఇటూ వస్తోంది. మొదట్లో కొన్న బాక్స్ సెట్టు తీసేసి మంచి ఫోర్జ్‌డ్ ఐరన్లు కొందామని ఉంది. దూరం పోవాలి, చేతికి మెత్తగా తగలాలి, తప్పుగా కొట్టినా మరీ పరువు తీయకూడదు. ఏవి కొనమంటారు?"

తమ్ముడూ, ఐరన్లంటే ఉక్కు తలలున్న గోల్ఫ్ క్లబ్బులు, బంతి కొట్టే కర్రలు. ఫోర్జ్‌డ్ అంటే ఆ తలని సాగగొట్టి చేసినవి. వాటి నుంచి మూడు కోరికలు కోరావు. మూడూ పదహారణాలా ఒకే క్లబ్బులో రావు. ఏదో ఒకదాన్ని పన్నెండణాల దగ్గర సర్దుకోవాలి. నన్నడిగితే సర్దుకోవాల్సింది దూరం. ఎందుకో చెప్పేముందు నేను చేసిన ఒక వెధవ పని చెబుతాను.

ఆట మొదలుపెట్టిన రెండో ఏడే ఆన్‌లైన్‌లో ఎవరో వాడిన బ్లేడ్లు కొన్నాను. బ్లేడ్ అంటే వెనక గుంట లేకుండా, పలచగా, అద్దంలా మెరిసే ఐరన్. పెట్టె విప్పి సోఫా మీద వరసగా పేర్చుకుని మురిసిపోతుంటే మా ఆవిడ చూసి "వంటింట్లో చాకులు చాలలేదా?" అంది. జనవరిలో ఒక పొద్దున, ఊపిరి పొగలా వస్తున్న చలిలో, 4 ఐరన్‌తో కొట్టాను (నంబరు తగ్గేకొద్దీ బంతి దూరం పోవాలి). బంతి క్లబ్బు మొహానికి అడుగు అంచున తగిలింది. వేళ్ల నుంచి మోచేయి దాకా కరెంటు కొట్టినట్టయి క్లబ్బు వదిలేశాను. బంతి నలభై గజాలు పాకి ఆగింది. ఫోర్జ్‌డ్ అంటే మెత్తగా తగులుతుందని నమ్మి కొన్నవవి. ఆర్నెల్లు తిరక్కుండా సగం ధరకి వదిలించుకున్నాను.

మా నంద్యాల వైపు కొలిమి దగ్గర నిలబడి కమ్మరి కర్రు సాగగొడుతుంటే చూసినవాళ్లకి ఫోర్జింగ్ గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. ఉక్కు కడ్డీని ఎర్రగా కాల్చి అచ్చుల మధ్య పెడతారు. సమ్మెట చేసే పని ఇక్కడ పెద్ద ప్రెస్సు చేస్తుంది. రెండో పద్ధతి పోత. ఉక్కును కరిగించి మూసలో పోస్తారు. ఫోర్జింగ్‌కి ఎక్కువగా 1020, 1025 రకం ఉక్కు వాడతారు. 1020 అంటే అందులో కార్బన్ 0.20 శాతం, అంటే మెత్తటి ఉక్కు. పోత ఐరన్లకి 17-4 లాంటి గట్టి స్టెయిన్‌లెస్ వాడేవాళ్లు ఎక్కువ. జపాన్‌లో హిరోషిమాలో తయారయ్యే మిజునో ఐరన్లకీ, హిమేజీలోని మియురా వాళ్ల పనికీ ఈ విద్యలో పెద్ద పేరు.

మరి చేతికి తగిలే మెత్తదనం ఆ ఉక్కుదేనా? ఒకసారి రేంజ్‌లో, అంటే ప్రాక్టీసు మైదానంలో, చెవుల్లో దూది గట్టిగా కుక్కుకుని, ఒకే బంతితో, ఒక ఫోర్జ్‌డ్ సెవెన్ ఐరన్, ఒక పోత సెవెన్ ఐరన్ మార్చి మార్చి కొట్టాను. మొహం మధ్యలో తగిలినప్పుడు ఏది ఏదో చెప్పలేకపోయాను. దూది తీశాక చెప్పగలిగాను. ఒకటి 'తప్' మంటుంది, రెండోది 'టక్' మంటుంది. మనం చేతికి తెలిసిందనుకునేదాంట్లో చాలా భాగం చెవి చెబుతున్నదే. మిగతాది బంతి ఎక్కడ తగిలిందన్నదాన్ని బట్టి ఉంటుంది. మధ్యలో తగిలితే పోత ఐరన్ కూడా వెన్నలా ఉంటుంది, అంచుకి తగిలితే హిరోషిమా ఉక్కైనా చెయ్యి జివ్వుమంటుంది.

అలాగని ఫోర్జ్‌డ్ మాట ఉత్త గొప్ప కోసం కాదు. దానివల్ల గట్టి లాభం ఒకటుంది, దాన్ని షాపులో ఎవరూ నొక్కి చెప్పరు. మెత్తటి ఉక్కు కాబట్టి క్లబ్బు మెడను నీ ఒంటికి తగ్గట్టు వంచుకోవచ్చు. గట్టి స్టెయిన్‌లెస్‌ను వంచబోతే మొండికేస్తుంది. మనవాళ్లలో చాలామందిమి అయిదడుగుల ఆరు, ఏడు అంగుళాల మనుషులం. ఎత్తు కన్నా, నిలబడ్డప్పుడు మణికట్టు నేల నుంచి ఎంత ఎత్తున ఉందన్నది ముఖ్యం. క్లబ్బు మరీ నిటారుగా ఉంటే దాని కొస, అంటే టో, గాలిలోకి లేస్తుంది, మడమ, అంటే కర్ర కలిసే వైపు అంచు, నేలలో దిగుతుంది, బంతి ఎడమకి పోతుంది. నువ్వేమో నా స్వింగ్‌లో ఏదో తేడా ఉందని యూట్యూబ్ చూస్తూ కూర్చుంటావు.

ఇది ఇంట్లోనే కనిపెట్టొచ్చు. బంతి మీద మార్కర్‌తో లావుగా ఒక గీత గీసి, అది నిలువుగా నీ క్లబ్బు వైపు ఉండేలా పెట్టి కొట్టు. సిరా క్లబ్బు మొహానికి అంటుకుంటుంది. గీత నిటారుగా పడితే సరే. దాని పైభాగం టో వైపు వాలితే క్లబ్బు నీకు ఎక్కువ నిటారుగా ఉన్నట్టు, మడమ వైపు వాలితే తక్కువైనట్టు. అయిదారు బంతులు కొట్టి చూడు, ఒక్కదాన్ని నమ్మకు.

ఇప్పుడు దూరం సంగతి. షాపులో బంతి వేగం, దూరం కొలిచే లాంచ్ మానిటర్ ముందు నీ పాత సెవెన్ ఐరన్‌తో 145 గజాలు కొడతావు. కుర్రాడు కొత్తది ఇస్తాడు, 162 చూపిస్తుంది. నీ కళ్లు మెరుస్తాయి, వాడికి అర్థమైపోతుంది. నాకూ ఇలాగే జరిగింది. అప్పుడు అడగాల్సింది ఒకే మాట: "దీని లాఫ్ట్ ఎంత?" లాఫ్ట్ అంటే క్లబ్బు మొహం వెనక్కి వాలిన కోణం, అది తగ్గితే బంతి దూరం పోతుంది. పాతకాలపు సెవెన్ ఐరన్ 34, 35 డిగ్రీలు వాలి ఉండేది. ఇప్పుడు దూరం కోసం చేసినవి 28 డిగ్రీల దగ్గర ఉంటున్నాయి. అది ఒకప్పటి అయిదో నంబరు. అడుగున 7 అని చెక్కినంత మాత్రాన ఏడోది అయిపోదు. మానిటర్ అబద్ధం చెప్పలేదు, క్లబ్బు మీది అంకె చెప్పింది.

దానికి లెక్క వేరే చోట కట్టాలి. దగ్గరి దెబ్బలకి వాడే, బాగా వాలిన క్లబ్బులు వెడ్జ్‌లు. ఇలాంటి సెట్లలో పిచింగ్ వెడ్జ్ 43 డిగ్రీలకి వచ్చేస్తుంది. నీ దగ్గరున్న శాండ్ వెడ్జ్ 56 అయితే మధ్యలో 13 డిగ్రీల గొయ్యి. దాన్ని పూడ్చడానికి ఇంకో వెడ్జ్, ఒక్కోసారి రెండు కొనాలి. బ్యాగులో 14 క్లబ్బులకి మించకూడదన్న రూలు ఉండనే ఉంది.

దూరం కన్నా బంతి ఎలా దిగుతోందో చూడు. ట్రాక్‌మ్యాన్ అనే లాంచ్ మానిటర్ లెక్కల్లో, పీజీఏ టూర్‌లో ఆడే ప్రొఫెషనల్ ఆటగాళ్లు సెవెన్ ఐరన్‌తో కొట్టిన బంతి సగటున నిమిషానికి 7,000 చుట్లు తిరుగుతూ, 50 డిగ్రీల కోణంలో దిగుతుంది. మనకి అంత రాదు. కానీ 45కి దగ్గర్లో దిగాలి. జూలైలో ఇక్కడి గ్రీన్లు, అంటే గుంత చుట్టూ పొట్టిగా కత్తిరించిన గడ్డి, పెనంలా ఉంటాయి. తక్కువ స్పిన్‌తో వాలుగా దిగిన బంతి గ్రీన్ మీద పడి, ఒక్క ఎగురు ఎగిరి, వెనకున్న ఇసకలోకి పోతుంది. షాపులో నువ్వు మురిసిన ఆ 17 గజాలు ఇవే. మానిటర్ తెర మీద 'డిసెంట్ యాంగిల్' అన్న గడి ఎక్కడో మూలన ఉంటుంది, చూపించమని అడుగు.

ఇక తప్పుని కాయడం. దీని కథ చెప్పాలంటే కార్స్టెన్ సోల్హైమ్ గురించి చెప్పాలి, ఎందుకంటే ఆయన కథ మనకి దగ్గరగా ఉంటుంది. నార్వేలో పుట్టి, చిన్నప్పుడే అమెరికా వచ్చి, జనరల్ ఎలక్ట్రిక్‌లో ఇంజనీరుగా చేస్తూ, ఆఫీసు వాళ్లు పిలిస్తే 42 ఏళ్ల వయసులో గోల్ఫ్ మొదలుపెట్టాడు. పుట్టింగ్, అంటే గ్రీన్ మీద బంతిని గుంతలోకి దొర్లించడం, కుదరక సొంతంగా దానికి వాడే పుట్టర్ చేసుకున్నాడు, అది 'పింగ్' మని మోగిందని ఆ పేరే పెట్టాడు. క్లబ్బు బరువంతా మధ్యలో కుప్పగా పెట్టకుండా అంచులకి పంచితే, కొసకి తగిలినా క్లబ్బు మెలి తిరగదన్నది ఆయన పట్టుకున్న కీలకం. నీళ్ల బిందె రెండు చేతుల మధ్య పట్టుకోవడానికీ, కావడికి అటొకటి ఇటొకటి కట్టుకోవడానికీ తేడా ఆలోచించు. కావడిని గిరుక్కున తిప్పడం కష్టం. వెనక గుంట ఉన్న ఐరన్లన్నీ ఆ కావడి సూత్రమే. ఆయన కంపెనీ పేరు తెచ్చుకున్నది పోత ఐరన్లతోనే అన్నది కూడా గుర్తుంచుకో.

అసలు తప్పుని కాయడం నీకు ఎంత కావాలో తెలియాలంటే మందుల షాపులో పాదాలకి కొట్టుకునే పౌడర్ స్ప్రే కొను, పది డాలర్లు కూడా కాదు. క్లబ్బు మొహం మీద పలచగా కొట్టు, ముగ్గుపిండి చల్లినట్టు తెల్లగా అవుతుంది. బంతి తగిలిన చోట గుంటల అచ్చుతో సహా గుండ్రటి మచ్చ పడుతుంది. ప్రతి అయిదు బంతులకీ ఫొటో తీసి, తుడిచి, మళ్లీ కొట్టు. ముప్పై బంతులు చాలు. నేను మొదటిసారి చేసినప్పుడు మచ్చలన్నీ మడమ వైపు, అదీ కిందికి, గుంపుగా ఉన్నాయి. మధ్యలో రెండే రెండు. నేను బ్లేడ్లు కొన్నది ఆ మొహం పెట్టుకునే!

మచ్చలన్నీ రూపాయి బిళ్ల రెండింతలంత చోటులో పడితే సన్నటి ఫోర్జ్‌డ్ ఐరన్లు నీకు సరిపోతాయి. మొహం నిండా చెల్లాచెదురుగా ఉంటే ఫోర్జ్‌డ్ మాట మరిచిపో, ఆ డబ్బులో కొంత కోచ్‌కి పెట్టి నాలుగు లెసన్లు తీసుకో. 100 కొట్టేవాడివి కాబట్టి మధ్యరకం అయ్యుంటావని నా అంచనా. మధ్యరకానికి దొరికేవి చాలా ఉన్నాయి. స్రిక్సన్ జెడ్ఎక్స్5 మార్క్ 2 ఉంది, సెవెన్ ఐరన్ 31 డిగ్రీలు, ఫోర్జ్‌డ్ ఒళ్లు, మొహం వేరే గట్టి ఉక్కు. టైటిలిస్ట్ టీ150 ఉంది, 32 డిగ్రీలు. మిజునో జేపీఎక్స్ ఫోర్జ్‌డ్, కాలవే ఏపెక్స్ కూడా ఈ వరసలోవే. టేలర్‌మేడ్ పీ790 చూడ్డానికి సన్నగా ఉంటుంది కానీ లోపల బోలు, 30.5 డిగ్రీలు, దూరం వైపు మొగ్గు. 'ఫోర్జ్‌డ్' అని రాసినవన్నీ ఒకే ముక్క ఉక్కు నుంచి సాగగొట్టినవి కావు, కొన్నిట్లో మొహం ఒక రకం, ఒళ్లు ఒక రకం. అది తప్పు కాదు, తెలిసి కొంటే చాలు.

నేనైతే స్రిక్సన్ పాతది చూడమంటాను. కారణం అడుగున ఉన్న సోల్. మన డాలస్ పక్కన ఫ్రిస్కో, ప్లేనో నేల చూశావా? మన కర్నూలు, నంద్యాల నల్లరేగడికి అన్నదమ్ముడు. ఎండకి నెర్రెలిస్తుంది, ఇళ్ల పునాదులు కూడా పగులుతాయి. వాన పడితే బూటుకి కిలో మట్టి. ఆ తడిలో పదునైన సన్నటి సోల్ నాగలిలా దిగబడిపోతుంది. వీళ్ల సోల్ ముందు అంచు చెక్కి ఉంటుంది, దిగకుండా జారిపోతుంది. ఈ మాట వేరే రాష్ట్రంలో ఉన్నవాళ్లకి చెప్పను.

షాఫ్ట్, అంటే క్లబ్బు కర్ర, గురించి ఒక్క మాట. ఉక్కు షాఫ్టుల్లో డైనమిక్ గోల్డ్ ఎస్300 సుమారు 130 గ్రాములు, నిప్పన్ 950 అయితే 100 లోపే. పన్నెండో హోల్ దగ్గరికి వచ్చేసరికి ఆ ముప్పై గ్రాములు భుజానికి తెలుస్తాయి. మోచేయి నొప్పి ఉంటే గ్రాఫైట్ తీసుకో, సిగ్గుపడకు.

కొత్త సెట్టు ఏడు క్లబ్బులకి 1,300 డాలర్ల పైమాటే. రెండు తరాల వెనకటిది వాడింది తీసుకుంటే సగానికి అటూ ఇటూ. ముఖం తెలియని మనిషి దగ్గర, ధర మరీ తక్కువగా, కొత్తదని చెప్పి అమ్మేది మాత్రం వద్దు. నకిలీ క్లబ్బులు బోలెడు తిరుగుతున్నాయి. పేరున్న వాడిన క్లబ్బుల షాపులోనే కొను. మిగిలిన డబ్బులో వంద డాలర్లు ఫిట్టర్‌కి, అంటే క్లబ్బులు నీ ఒంటికి సరిచేసేవాడికి, పెట్టి వాటి మెడలు వంచించుకో. కొనే చోటే ఫిట్టింగ్ చేయించుకుంటే ఆ ఫీజు తగ్గిస్తారా అని ముందే అడుగు. అడగందే అమ్మయినా పెట్టదు.

మెత్తటి ఉక్కు కాబట్టి బ్యాగులో ఒకదానికొకటి తగిలి సొట్టలు పడతాయి, క్రోమ్ లేచిన చోట తుప్పు పడుతుంది. వానలో ఆడిన రోజు తుడిచి పెట్టు. హైదరాబాద్‌లో మీ బావ గోల్కొండ కోట పక్కన ఆడతాడన్నావు కదా, ఆయనకి తీసుకెళ్లాలంటే క్లబ్బుల తలలకి పాత సాక్సులు తొడిగి, గోల్ఫ్ బ్యాగును ఒక సూట్‌కేస్ లెక్కలో వేస్తారో లేదో ఎయిర్‌లైన్‌కి ఫోన్ చేసి కనుక్కుని, 23 కిలోలు దాటకుండా కట్టు. ఊరగాయ సీసాలు తిరుగు ప్రయాణంలో అదే బ్యాగులో పెట్టమంటుంది మీ అమ్మ. ఒప్పుకోకు.

వచ్చే శనివారం స్ప్రే పని అవగానే ఆ ముప్పై బంతుల ఫొటోలు పంపు, మార్కర్ గీత పడ్డది కూడా ఒకటి. అవి చూశాక ఏ సెట్టో చెబుతాను. ఈ లోపల ఏ షాపుకీ పోకు, పోయినా కార్డు ఇంట్లో పెట్టి వెళ్లు.