పీఎల్‌సీ నేర్చుకునేవారి సందేహాలు

ప్రశ్న: ఐటీఐ ఎలక్ట్రీషియన్ చేసి ప్యానెల్ బోర్డుల వైరింగ్ చేస్తున్నాను. పీఎల్‌సీ (మెషీన్లను ప్రోగ్రామ్ ప్రకారం నడిపే కంట్రోలర్) నేర్చుకోవాలని ఉంది గానీ కోర్సుకు కట్టేంత డబ్బు లేదు. ఇంట్లో పాత ల్యాప్‌టాప్ ఉంది. దానితో అవుతుందా?
- ఒక పాఠకుడు, పాశమైలారం

జవాబు: మొదలుపెట్టడానికి అది చాలు. డెల్టా కంపెనీ పీఎల్‌సీలకు ప్రోగ్రామ్ రాసే సాఫ్ట్‌వేర్ డబ్ల్యూపీఎల్‌సాఫ్ట్ ఉచితం. సిమ్యులేటర్ అందులోనే ఉంటుంది, పాత మెషీన్ మీదా నడుస్తుంది. కోడెసిస్ కూడా ఉచితమే గానీ కాస్త బరువు. సీమెన్స్ టీఐఏ పోర్టల్ ట్రయల్ గడువు 21 రోజులే. ల్యాడర్ (నిచ్చెన ఆకారంలో గీసే పీఎల్‌సీ ప్రోగ్రామ్) మీద చెయ్యి తిరిగాకే దాని జోలికి వెళ్లండి, లేదంటే మెనూలు వెతుక్కోవడంతోనే గడువు అయిపోతుంది.

వైరింగ్ తెలిసినవారు కాబట్టి సగం దారి వచ్చేసినట్టే. రోజూ వేసే డీఓఎల్ స్టార్టర్ (మోటార్‌ను నేరుగా సప్లైకి కలిపేది) కంట్రోల్ డ్రాయింగ్‌నే ముందు ల్యాడర్‌లోకి దింపండి. తర్వాత ఫార్వర్డ్-రివర్స్, టైమర్‌తో స్టార్-డెల్టా, కౌంటర్‌తో కన్వేయర్. కొలతను కరెంటుగా పంపే 4-20 మిల్లీఆంప్ అనలాగ్ సిగ్నళ్లు చివర్లో. డెల్టాలో టీ0 టైమర్ 100 మిల్లీసెకన్ల లెక్కన నడుస్తుంది కాబట్టి 5 సెకన్లు కావాలంటే కే50 అని ఇవ్వాలి. కొత్తవాళ్లు కే5 అని ఇచ్చి టైమర్ పనిచేయడం లేదనుకుంటారు.

నాలుగు డబ్బులు కూడాక సెకండ్‌హ్యాండ్ డెల్టా డీవీపీ-14ఎస్ఎస్2 లాంటి చిన్న పీఎల్‌సీ తీసుకోండి. 8 ఇన్‌పుట్లు, 6 అవుట్‌పుట్లు ఉంటాయి. 24 వోల్టుల డీసీ ఎస్ఎంపీఎస్ (పవర్ సప్లై), నాలుగైదు పుష్ బటన్లు, ఇండికేటర్లు, డౌన్‌లోడ్ కేబుల్ జతచేస్తే మీ ల్యాబ్ సిద్ధం. తీగ బిగించి చూడకుండా ఈ విద్య పట్టుబడదు.

ప్రశ్న: స్టాప్ బటన్ ఎన్‌సీ (మామూలుగా కలిసి ఉండి, నొక్కితే తెగేది) కదా అని ల్యాడర్‌లోనూ ఎన్‌సీ కాంటాక్ట్ పెట్టాను. స్టార్ట్ నొక్కితే మోటార్ తిరగడం లేదు. ఎన్‌వో (మామూలుగా తెగి ఉండేది) పెడితే తిరుగుతోంది. ఇదేమిటి?
- డిప్లొమా విద్యార్థిని, విజయవాడ

జవాబు: ల్యాడర్‌లో ఎన్‌వో కాంటాక్ట్ పెట్టడమంటే ‘ఈ ఇన్‌పుట్ ఆన్‌లో ఉందా?’ అని అడగడం. ఎన్‌సీ పెడితే ‘ఆఫ్‌లో ఉందా?’ అని అడగడం. బయట బిగించిన బటన్ ఏ రకమో పీఎల్‌సీకి తెలియదు.

మీ స్టాప్ బటన్ ఎన్‌సీ. నొక్కనంతసేపూ అది కలిపిన ఇన్‌పుట్ ఎక్స్1 ఆన్‌లోనే ఉంటుంది, పీఎల్‌సీ మీద దాని ఎల్‌ఈడీ వెలుగుతూనే ఉంటుంది. అక్కడ మీరు ‘ఆఫ్‌లో ఉందా?’ అని అడిగితే జవాబు ‘లేదు’, రంగ్ (ల్యాడర్‌లో ఒక మెట్టు) అక్కడే తెగిపోతుంది. కాబట్టి ఎన్‌వోనే సరి. రంగ్ ఇలా ఉండాలి: స్టార్ట్ ఎక్స్0 ఎన్‌వో, దానికి ప్యారలల్‌గా మోటార్ అవుట్‌పుట్ వై0 హోల్డింగ్ కాంటాక్ట్. ఆ రెండూ కలిశాక సిరీస్‌లో ఎక్స్1 ఎన్‌వో, ఎక్స్2 ఎన్‌వో, చివర వై0 కాయిల్. ఎక్స్2కి ఓవర్‌లోడ్ రిలే 95-96 టెర్మినళ్లు వస్తాయి. అదీ ఎన్‌సీయే, అదే సూత్రం. సిమ్యులేటర్‌లో ఎక్స్1, ఎక్స్2 మొదట ఆఫ్‌లో ఉంటాయి. వాటిని ఆన్ చేశాకే స్టార్ట్ ఇవ్వండి.

కొందరు ల్యాడర్‌ను అలాగే ఉంచి, బటన్‌ను ఎన్‌వోకి మార్చేస్తారు. బల్ల మీద అదీ పనిచేస్తుంది. దయచేసి అలా మాత్రం చెయ్యకండి. వైరు తెగినా, టెర్మినల్ లూజైనా స్టాప్ నొక్కిన సంగతి పీఎల్‌సీకి చేరదు, మోటార్ ఆగదు. ఎన్‌సీ వైరింగ్‌లో వైరు తెగితే మోటార్ వెంటనే ఆగుతుంది. ఇక ఎమర్జెన్సీ స్టాప్‌ను ప్రోగ్రామ్‌కి అస్సలు వదలకూడదు. అది కాంటాక్టర్ కాయిల్ సప్లైనే తెంచేలా వైరింగ్ ఉండాలి. దాని రెండో కాంటాక్ట్‌ను పీఎల్‌సీకి ఇచ్చేది సమాచారం కోసమే.

ప్రశ్న: ఆటోలో, మాన్యువల్‌లో ఒకే మోటార్ నడవాలి. ల్యాడర్‌లో రెండు రంగ్‌లలోనూ వై0 కాయిల్ పెట్టాను. మాన్యువల్ పనిచేస్తోంది, ఆటోలో నడవడం లేదు.
- ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: పీఎల్‌సీ ఇన్‌పుట్లన్నీ ఒకేసారి చదువుతుంది, ప్రోగ్రామ్‌ను పైనుంచి కిందికి చేసుకుంటూ పోతుంది, చివర్లో అవుట్‌పుట్లు మారుస్తుంది. పై రంగ్‌లో ఆటో వై0ని ఆన్ చేసినా, కింద మాన్యువల్ రంగ్ దాన్ని ఆఫ్ చేసేస్తోంది. బయటికి వెళ్లేది ఆఖరి మాటే. ఆటోకి ఎం0, మాన్యువల్‌కి ఎం1 కాయిళ్లు (పీఎల్‌సీ లోపలి మెమరీ బిట్లు) వాడి, ఆ రెండింటి కాంటాక్టులు ప్యారలల్‌గా కలిపి వై0 కాయిల్ ఒక్కచోటే పెట్టండి.

ప్రశ్న: ప్రాక్సిమిటీ సెన్సర్ (వస్తువు దగ్గరికొస్తే పసిగట్టేది) మీద లైటు వెలుగుతోంది, పీఎల్‌సీ ఇన్‌పుట్ లైటు వెలగడం లేదు. పీఎల్‌సీ పోయిందా?
- మెయింటెనెన్స్ ఉద్యోగి, శ్రీసిటీ

జవాబు: చాలావరకు పీఎల్‌సీ బాగానే ఉంటుంది, సెన్సర్ రకమే కుదిరి ఉండదు. మూడు తీగల సెన్సర్‌లో బ్రౌన్ 24 వోల్టులు, బ్లూ 0 వోల్టు, బ్లాక్ సిగ్నల్. బ్లాక్ తీగను పీఎల్‌సీ నుంచి ఊడదీసి, సెన్సర్ ముందు ఇనుప ముక్క పెట్టి మీటర్‌తో చూడండి. బ్లాక్-బ్లూ మధ్య 24 వోల్టులు వస్తే పీఎన్‌పీ (సిగ్నల్‌గా 24 వోల్టులు ఇచ్చే రకం), బ్రౌన్-బ్లాక్ మధ్య వస్తే ఎన్‌పీఎన్ (సిగ్నల్‌ను 0 వోల్టుకి కలిపే రకం). డెల్టాలో పీఎన్‌పీకి ఎస్/ఎస్ టెర్మినల్‌ను 0 వోల్టుకి, ఎన్‌పీఎన్‌కి 24 వోల్టులకి కలపాలి. ఆ టెర్మినల్ ఇన్‌పుట్లన్నింటికీ ఉమ్మడి కాబట్టి రెండు రకాలూ నేరుగా కలపడం కుదరదు. వేరే రకం సెన్సర్ ఒక్కటే ఉంటే మధ్యలో 24 వోల్టుల రిలే పెట్టి దాని కాంటాక్ట్‌ను ఇన్‌పుట్‌కి ఇవ్వండి. వేగంగా లెక్కపెట్టే చోట మాత్రం రిలే అందుకోలేదు, అక్కడ సెన్సర్ మార్చాల్సిందే. రకం సరిపోయినా ఇన్‌పుట్ రాకపోతే సెన్సర్‌కి ఒక ఎస్ఎంపీఎస్, పీఎల్‌సీకి వేరే ఎస్ఎంపీఎస్ ఉన్నాయేమో చూడండి. వాటి 0 వోల్టు టెర్మినళ్లు కలిపి ఉండాలి.