ఎప్‌సెట్ కన్వీనర్ సీటు వచ్చింది, ఫీజుకు ప్రభుత్వ సాయం ఎంత వస్తుంది, దరఖాస్తు ఎలా చేయాలి?

మీరు అడిగినది ఇది: మీరు బీసీ వర్గానికి చెందిన అమ్మాయి, ఎప్‌సెట్ ర్యాంకు ఇరవై వేలు దాటింది, కన్వీనర్ కోటాలో (ప్రభుత్వ కౌన్సెలింగ్ ద్వారా) ఇంజనీరింగ్ సీటు వచ్చింది, కాలేజీ ఫీజు ఏడాదికి లక్ష రూపాయలు, నాన్నగారు ఉప్పల్‌లో ఆటో నడుపుతారు, ఏ పథకాలకు దరఖాస్తు చేయాలో తెలియడం లేదు. నేను కూడా బీసీ విద్యార్థిగా హైదరాబాద్ శివారులోని ఒక ప్రైవేటు కాలేజీలో, ప్రభుత్వం ఫీజు భరించే పథకమైన ఫీజు రీయింబర్స్‌మెంట్‌తోనే బీటెక్ పూర్తి చేశాను. ఆ తరువాత మా బంధువుల పిల్లల దరఖాస్తులు కూడా దగ్గరుండి పెట్టించాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను.

ముందుగా లెక్క చూద్దాం. తెలంగాణలో బీసీ, ఈబీసీ (ఆర్థికంగా వెనుకబడిన తరగతుల) విద్యార్థులకు సాధారణంగా ర్యాంకు పదివేలలోపు ఉంటేనే ఇంజనీరింగ్ ఫీజు మొత్తం ప్రభుత్వం భరిస్తుంది. ఆపైన ర్యాంకు వచ్చిన వారికి ఏడాదికి గరిష్ఠంగా 35,000 రూపాయలే వస్తాయి. అంటే మీ విషయంలో దాదాపు 65,000 రూపాయలు, దానిపైన పరీక్ష ఫీజులు, బస్సు ఖర్చు మీరే సమకూర్చుకోవాలి. "ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది కదా, పైసా కట్టనక్కర్లేదు" అని కౌన్సెలింగ్ రోజుల్లో చాలామంది చెబుతారు, ఆ మాట మీ ర్యాంకుకు వర్తించదు. మేనేజ్‌మెంట్ కోటా, స్పాట్ అడ్మిషన్ సీట్లకైతే ఈ పథకం అసలే వర్తించదు కనుక కన్వీనర్ సీటుకు రుజువుగా సీటు అలాట్‌మెంట్ ఆర్డరును జాగ్రత్తగా దాచుకోండి.

కుటుంబ ఆదాయ పరిమితి బీసీలకు పట్టణ ప్రాంతంలో ఏడాదికి 2 లక్షలు, గ్రామీణ ప్రాంతంలో లక్షన్నర. ఇక్కడ చూసేది కాలేజీ ఉన్న చోటు కాదు, మీ కుటుంబం నివసించే చోటు. ఆదాయ ధ్రువీకరణ పత్రం కోసం మీసేవలో దరఖాస్తు చేస్తే మీ మండల తహసీల్దారు కార్యాలయం విచారించి ఇస్తుంది. అడ్మిషన్ల కాలంలో అక్కడ రద్దీ ఎక్కువగా ఉంటుంది కాబట్టి తరగతులు మొదలయ్యే వరకు ఆగకుండా ఇప్పుడే పెట్టండి.

నా అనుభవంలో దరఖాస్తులు ఆగిపోయేది అర్హత లేక కాదు, ఒక కాగితంలోని పేరు మరో కాగితంలోని పేరుతో కలవక. తెలంగాణ ప్రభుత్వ స్కాలర్‌షిప్ దరఖాస్తుల వెబ్‌సైటు ఈపాస్‌లో దరఖాస్తు పెట్టేటప్పుడు పదో తరగతి మెమోలోని పేరు, పుట్టిన తేదీ, ఆధార్‌లోని వివరాలు ఒకదానితో ఒకటి సరిపోవాలి. మన ఇళ్లలో స్కూలు రికార్డులో ఇంటిపేరు ఒక అక్షరంగానే ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది, కుల ధ్రువీకరణ పత్రంలో తండ్రి పేరు ఇంకో రకంగా ఉంటుంది. పదో తరగతి మెమో మార్పించుకోవడం చాలా పెద్ద పని. అందుకే మెమోనే ప్రమాణంగా పెట్టుకొని ఆధార్‌ను దానికి తగినట్టు ఆధార్ సేవా కేంద్రంలో సరిచేయించుకోవడం తేలిక. నేను దరఖాస్తు పెట్టక ముందే మా నాన్న పట్టుబట్టి ఆ పని చేయించారు. అప్పుడు విసుక్కున్నాను గానీ, నా తరగతిలో ఆ తేడాతోనే పెట్టినవారు సవరణల కోసం కాలేజీ స్కాలర్‌షిప్ విభాగం చుట్టూ ఎంత తిరిగారో తరువాత చూశాను. వేలిముద్రల ధ్రువీకరణ కూడా ఉంటుంది కాబట్టి ఆధార్‌లో బయోమెట్రిక్ వివరాలు పాతబడి ఉంటే అవి కూడా అదే కేంద్రంలో నవీకరించుకోండి.

రెండో చిక్కు బ్యాంకు ఖాతాది. ట్యూషన్ ఫీజు సొమ్ము నా చదువు కాలంలో కాలేజీ ఖాతాకు వెళ్లేది, మెయింటెనెన్స్ సొమ్ము (విద్యార్థి సొంత ఖర్చులకు ఇచ్చేది) మాత్రం విద్యార్థి ఖాతాలో పడేది. ఆధార్ ఆధారంగా పంపే డబ్బు, మీరు దరఖాస్తులో ఏ ఖాతా సంఖ్య రాశారన్న దానితో నిమిత్తం లేకుండా, ఎన్‌పీసీఐ (బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే జాతీయ సంస్థ) వద్ద మీ ఆధార్‌తో చివరగా అనుసంధానమైన ఖాతాకే వెళ్తుంది. నా రూమ్మేటు మధ్యలో మరో బ్యాంకులో ఖాతా తెరిచి అక్కడ ఆధార్ ఇచ్చాడు. ఆ ఖాతాను వాడటం మానేశాడు. సొమ్ము మాత్రం అందులోనే పడింది, అతనేమో రాలేదనుకొని అధికారులను అడుగుతూ ఉన్నాడు. మీ పేరు మీదే ఒక ఖాతా ఉంచుకొని, ఆధార్ దానికే అనుసంధానమై ఉందని బ్యాంకు శాఖలో అడిగి నిర్ధారించుకోండి.

దరఖాస్తును ఆన్‌లైన్‌లో సమర్పించడంతో సగం పనే అవుతుంది. ప్రింటు, జతపరిచిన పత్రాలు కాలేజీలో ఇచ్చాక ప్రిన్సిపాల్ స్థాయిలో ధ్రువీకరణ జరగాలి, తరువాత జిల్లా బీసీ సంక్షేమాధికారి కార్యాలయానికి వెళ్లాలి, మంజూరయ్యాక బిల్లు ట్రెజరీకి వెళ్లాలి. ఈపాస్‌లో మీ దరఖాస్తు సంఖ్యతో ప్రస్తుత స్థితి కనిపిస్తుంది, అది ఏ దశలో ఆగిందో చూసి ఆ కార్యాలయంలోనే అడగాలి. ప్రిన్సిపాల్ ధ్రువీకరణ కాకుండానే సంక్షేమాధికారి దగ్గరకు వెళ్లడం వృథా ప్రయాణం. హాజరు 75 శాతం కంటే తగ్గకూడదన్న నిబంధన కూడా ఉంది, ఏటా రెన్యువల్ కూడా చేసుకోవాలి; ఒక ఏడాది మంజూరైంది కదా అని మరుసటి ఏడాది దానంతట అదే రాదు.

మీరు అమ్మాయి కనుక ఇంకొక దారి ఉంది, దీన్ని తప్పక పరిశీలించండి. సాంకేతిక విద్యను పర్యవేక్షించే జాతీయ సంస్థ ఏఐసీటీఈ వారి ప్రగతి స్కాలర్‌షిప్ కింద ఏఐసీటీఈ ఆమోదం ఉన్న కాలేజీలో చేరిన అమ్మాయిలకు ఏడాదికి 50,000 రూపాయలు ఇస్తారు. కుటుంబ ఆదాయం 8 లక్షలు మించకూడదు, ఒక కుటుంబం నుంచి ఇద్దరు అమ్మాయిల వరకే ఇస్తారు. దరఖాస్తు నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో, అక్కడ ముందుగా వన్ టైమ్ రిజిస్ట్రేషన్ చేసుకోవాలి. నేరుగా బీటెక్ మొదటి ఏడాదిలో చేరినవారు ఆ ఏడాదే పెట్టుకోవాలి, తరువాత గుర్తొస్తే అవకాశం ఉండదు. స్కాలర్‌షిప్‌ల సంఖ్య పరిమితం, ఎంపిక మార్కుల ఆధారంగా ఉంటుంది. అయితే ప్రగతి తీసుకుంటూ మరో ప్రభుత్వ స్కాలర్‌షిప్ తీసుకోవడానికి వీల్లేదు. ఎంపికైతే ఏది ఉంచుకోవాలన్న ప్రశ్న అప్పుడు వస్తుంది. నన్నడిగితే సొమ్ము నేరుగా మీ ఖాతాలో పడే 50,000 మేలు. ఏది వదులుకున్నా కాలేజీలో స్కాలర్‌షిప్‌లు చూసే నోడల్ అధికారికి రాతపూర్వకంగా చెప్పండి. ఒకటి దాచి రెండూ తీసుకుంటే తిరిగి కట్టాల్సి వస్తుంది.

మిగిలిన మొత్తానికి వడ్డీ వ్యాపారి దగ్గరకు వెళ్లే ముందు బ్యాంకు విద్యారుణం గురించి అడగండి. నాలుగు లక్షల లోపు రుణానికి తాకట్టు అడగరాదు. తల్లిదండ్రుల్లో ఒకరు సహ రుణగ్రహీతగా సంతకం చేస్తే చాలు. కుటుంబ ఆదాయం నాలుగున్నర లక్షల లోపు ఉండి, కాలేజీకి న్యాక్ గుర్తింపు గానీ, మీ కోర్సుకు ఎన్‌బీఏ గుర్తింపు గానీ (ఇవి విద్యా నాణ్యతను పరిశీలించి ఇచ్చే జాతీయ గుర్తింపులు) ఉంటే చదువుకునే కాలంలోని వడ్డీని కేంద్రం భరించే పథకం ఉంది. ఈ రెండో షరతు సంగతి చాలామందికి కాలేజీలో చేరాకే తెలుస్తుంది.

చివరగా కాలేజీ వైఖరి గురించి. ప్రభుత్వం నుంచి రావాల్సిన బకాయిలు పేరుకుపోవడంతో కొన్ని కాలేజీలు మొత్తం ఫీజు ముందే కట్టమంటాయి, సొమ్ము వచ్చాక తిరిగి ఇస్తామంటాయి. మా కాలేజీలో చదువు ముగిసినప్పుడు బకాయి తేలేవరకు టీసీ ఇవ్వలేమన్నారు. మంజూరు వివరాల ప్రింటు, కట్టిన ప్రతి రసీదు నా దగ్గర ఉండటంతో లెక్క నా వైపే తేలింది. విద్యార్థుల ఒరిజినల్ సర్టిఫికెట్లను సంస్థలు తమ దగ్గర ఉంచుకోకూడదని ఉన్నత విద్యను నియంత్రించే జాతీయ సంస్థ యూజీసీ చెప్పిన విషయం గుర్తుంచుకోండి. ముందుగా కట్టమని పట్టుబడితే, రీయింబర్స్‌మెంట్ వచ్చాక ఎంత సర్దుబాటు చేస్తారో రసీదు మీదనే రాయించుకోండి. ట్యూషన్ ఫీజు కింద రాష్ట్ర ఫీజుల నియంత్రణ కమిటీ మీ కాలేజీకి నిర్ణయించిన మొత్తం కంటే ఎక్కువ అడిగితే, కమిటీ ఉత్తర్వు చూపించమని కాలేజీని అడగమని నాన్నగారికి చెప్పండి.