చి. మాధవికి, రాజీనామాల సంగతి

చి. మాధవికి,

పెద్దమ్మ ఆశీస్సులు. ఒక్క నెలలో ముగ్గురు రాజీనామా చేశారని, ఒకరు జనవరి 1న, మిగతా ఇద్దరు సంక్రాంతికి వెళ్లివచ్చిన వారంలోనే పంపారని రాశావు. "నా వల్ల ఏం పొరపాటు జరిగింది?" అని అడిగావు. టీమ్ లీడ్ అయిన మొదటి ఏడాదే ఇలా జరిగితే ఎవరికైనా గుండెల్లో రాయి పడుతుంది. ఉద్యోగమంతా హెచ్‌ఆర్‌లోనే గడిపి రిటైరైనదాన్ని కాబట్టి ఓదార్పు మాటలు మీ అమ్మకు వదిలేసి, నేను లెక్క చెబుతాను.

పండగ పూటైనా ఆగలేకపోయాడని ఆ మొదటి అబ్బాయి మీద నొచ్చుకున్నావు కదా, ఒకసారి క్యాలెండర్ తియ్యి. రాజీనామా ఇచ్చాక ఇంకా పనిచేయాల్సిన మీ నోటీసు కాలం 90 రోజులు. జనవరిలో 31, ఫిబ్రవరిలో 28, మార్చిలో 31. సరిగ్గా 90. మార్చి 31తో మీ దగ్గర లెక్క తేలిపోయి, ఏప్రిల్ 1న కొత్త ఆర్థిక సంవత్సరంలో కొత్త చోట అడుగుపెడతాడు. ఒకే ఏడాది రెండు కంపెనీల జీతాలు కలిపి పన్ను చూసుకునే తలనొప్పి ఉండదు. ఇది కోపంలో చేసిన పని కాదు, తీరిగ్గా కూర్చుని వేసుకున్న లెక్క. ఇంటర్వ్యూలు నవంబర్, డిసెంబర్ నెలల్లోనే అయిపోయి ఉంటాయి.

అప్పుడే ఎందుకంటే, మీ క్లయింటుది అమెరికాలో దుకాణాల వ్యాపారం. నవంబర్ నాలుగో గురువారం థాంక్స్‌గివింగ్ మొదలు క్రిస్మస్ దాకా వాళ్లకు అమ్మకాల జోరు. ఆ రోజుల్లో ఎక్కడ ఏం ఆగిపోతుందోనన్న భయంతో సాఫ్ట్‌వేర్‌లో కొత్త మార్పులు పెట్టనివ్వరు. కోడ్ రాసేవాళ్లకు పని పలచబడుతుంది. వాడుకోని సెలవులు కొన్ని డిసెంబర్ 31 దాటితే మురిగిపోతాయి, నోటీసు కాలంలో సెలవు అడిగితే మొహం చిట్లిస్తారు. కాబట్టి తెలివైనవాడు ముందు సెలవులు వాడేసుకుని, ఆ తర్వాతే పేపర్లు పెడతాడు. అటు జనవరితో ఏడాది మొదలుపెట్టే కంపెనీల్లో కొత్త బడ్జెట్ వచ్చి ఖాళీలు తెరుచుకుంటాయి. తీరిక, సెలవు, ఖాళీ మూడూ కలిసివచ్చేది అప్పుడే.

అయినా తీరిక దొరికిన ప్రతివాడూ వెళ్లిపోడు, వెళ్లాలని ముందే అనుకున్నవాడే వెళతాడు. కాబట్టి వాళ్లను "ఇప్పుడెందుకు?" అని అడగకు, "ఎప్పటి నుంచి?" అని అడుగు. జీతం పెంచుతామంటే ఆగుతారా అని రాశావు. రాజీనామా చూశాక పెంచే జీతం నాకెప్పుడూ నచ్చలేదు. ఉన్నవాడికి అవమానం, పక్కన కూర్చున్నవాడికి పాఠం.

నీ ఉత్తరంలో ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. రెండో అమ్మాయి సపోర్ట్‌లో ఉండేదనీ, "పెళ్లి కాలేదు కదా, ఇబ్బంది ఉండదని" వరసగా పండగ డ్యూటీలు ఆమెకే వేసేవారనీ మామూలుగా రాసేశావు. అమెరికాలో క్రిస్మస్‌కు తలుపులు మూసుకుంటారు, వాళ్ల సిస్టమ్‌లు ఆగకుండా ఇక్కడ ఈ పిల్లలు రాత్రంతా కాపలా ఉంటారు. పెళ్లి కానివాళ్లకు మాత్రం ఇల్లు లేదా, తల్లి లేదా? ఈ మాట ప్రతి ఆఫీసులోనూ విన్నాను, అన్నవాళ్లెవరూ చెడ్డవాళ్లు కారు. కానీ ఆ పిల్ల చివరికి భోగి నాటికి ఇంటికి చేరితే, తల్లి మొదట అడిగేది జీతం గురించి కాదు, "కళ్లు అలా పీక్కుపోయాయేమే?" అని. తర్వాత బావ వచ్చి తన ప్యాకేజీ చెబుతాడు, బాబాయి "ఇంకా అక్కడేనా?" అంటాడు. వాటిని దులిపేసుకోవచ్చు గానీ తల్లి మాట దులిపేసుకోలేరు. తిరుగు ప్రయాణంలో విజయవాడ హైవే మీద టోల్ ప్లాజా దగ్గర గంటలకొద్దీ ఆగిన బస్సులో ఫోను తీసి రాజీనామా టైపు చేసుకున్నవాళ్లు నాకు తెలుసు.

వచ్చే ఏడాదికి చేయవలసింది దసరా అయిన వెంటనే మొదలుపెట్టు. రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తున్నారు, జనవరి 12 టికెట్ కావాలంటే నవంబర్ 13 ఉదయం 8 గంటలకు ఫోను పట్టుకుని కూర్చోవాలి. డిసెంబర్ చివరలో సెలవు మంజూరు చేస్తే ఆ సెలవుకు టికెట్ దొరకదు, నువ్వు ఇచ్చినా ఇవ్వనట్టే. కాబట్టి థాంక్స్‌గివింగ్, క్రిస్మస్, సంక్రాంతి మూడింటి డ్యూటీ జాబితా దీపావళి లోపే రాసి అందరికీ కనిపించేలా పెట్టు. ఒక పండగకు పనిచేసినవాళ్లకు తర్వాతి పండగ ఖాళీ. జాబితాలో నీ పేరు కూడా ఉండాలి, చిట్టచివర కాదు.

జీతాల మాట నీ పైవాళ్లతో అక్టోబర్‌లోనే ఎత్తు, మార్చిలో అడిగితే అప్పటికే పంపకాలు అయిపోయి ఉంటాయి. నీ చేతిలో లేనిది ఎవరికీ మాట ఇవ్వకు.

ఇక వెళ్లేవాళ్ల విషయం. రాజీనామా ఇచ్చినవాళ్లను మీటింగులకు పిలవకపోవడం, పలకరించకపోవడం లాంటి చిన్నబుద్ధులు నీ టీమ్‌లో రానీయకు. ఉన్నవాళ్లంతా అదే చూస్తుంటారు. ఉద్యోగం నుంచి విడుదల చేశామని ఇచ్చే రిలీవింగ్ లెటర్ ఆఖరి రోజునే అందేలా చూడు. పీఎఫ్ ఖాతాలో ఉద్యోగం మానిన తేదీ ఎక్కించమని హెచ్‌ఆర్‌కు గుర్తుచెయ్యి, అది ఎక్కకపోతే వెళ్లినవాళ్లు తామే ఎక్కించుకోవడానికి రెండు నెలలు ఆగాలి.

మూడో అబ్బాయి చేరి ఐదేళ్లు కావస్తోందన్నావు. ఆఖరి పనిదినం నాటికి ఐదేళ్లు నిండుతాయో లేదో ఇద్దరూ కూర్చుని చూడండి. నిండితే ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున గ్రాట్యుటీ వస్తుంది. వారం పది రోజులు తక్కువైతే తేదీ జరుపుకోమని నువ్వే చెప్పు. కంపెనీ డబ్బు మిగల్చడం నీ పని కాదులే, ఎవరైనా అడిగితే పెద్దమ్మ చెప్పిందను.

ఆ సపోర్ట్ అమ్మాయితో మాత్రం ఈ వారమే మాట్లాడు, ఆపడానికి కాదు. ఉగాది నాటికి ఆమె ఇంకా నోటీసులోనే ఉంటుంది కదా, ఆ రోజు డ్యూటీ ఎవరికి వేశారో ముందు చూసుకుని మరీ వెళ్లు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ