వీణ పాఠం: రెండు కెమెరాలు, ఒకే వీడియో

వీణ పాఠం రికార్డు చేసేటప్పుడు ఎడమచేతి వేళ్ళు ఒక కెమెరాలో, మీటే కుడిచెయ్యి ఇంకో కెమెరాలో, రెండూ ఒకే ఫ్రేములో కనపడాలి, తర్వాత ఎడిటింగ్ ఉండకూడదు. అంతే కదా మీ ప్రశ్న? దీనికి కంప్యూటర్లో వీడియో రికార్డు చేసే ఓబీఎస్ స్టూడియో అనే సాఫ్ట్‌వేర్ చాలు. పూర్తిగా ఉచితం.

ఒకే సీన్‌లో (అంటే తెరమీద కనపడే అమరికలో) 'వీడియో క్యాప్చర్ డివైస్' సోర్సును, అంటే కెమెరా బొమ్మను తెచ్చేదాన్ని, రెండుసార్లు కలిపి, ఒక్కోదానికి ఒక్కో కెమెరా ఎంచుకోండి. అందరూ పక్కపక్కన పెడతారు గానీ, వీణకు నేనైతే పైనా కిందా పెట్టమంటాను. మెట్ల వెంట చెయ్యి అటూ ఇటూ జరుగుతుంది కాబట్టి వెడల్పు కావాలి. 1920x1080 పిక్సెళ్ళ కాన్వాసులో (మొత్తం ఫ్రేములో) ఒక్కో భాగానికి 1920x540 వస్తుంది. ఆల్ట్ నొక్కి అంచు లాగితే అనవసరమైనది తెగిపోతుంది.

రెండో కెమెరా నల్లగా వస్తే టెన్షన్ పడకండి. సాధారణంగా రెండూ ఒకే యూఎస్‌బీ హబ్బుకు తగిలించడమే కారణం. వేర్వేరు పోర్టులకు మార్చండి.

మైకు మాత్రం ఒకటే ఉంచి మిగతావి మ్యూట్ చేయండి, లేకపోతే నాదం రెండుసార్లు మోగినట్టుంటుంది. ముందు రెండు కెమెరాలకూ కనపడేలా ఒక చప్పట్టు కొట్టి రికార్డు చేసి చూసుకోండి. ఒక కెమెరా దృశ్యం రెండోదానికంటే ముందు వస్తుంటే, ఆ ముందున్న కెమెరాకు 'వీడియో డిలే' ఫిల్టరు పెట్టి, మిల్లీసెకన్లలో సరిచేయండి. రికార్డయ్యే ఫైలు ఎంకేవీ (MKV) అనే వీడియో ఫార్మాట్‌లోనే పెట్టండి, మధ్యలో కరెంటు పోయినా అప్పటిదాకా రికార్డయిన పాఠం దక్కుతుంది.